చేపల దారిలో బాణం గుండు

పుట్టపర్తి జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నన్ను అక్కడి నీటిపారుదల సబ్ డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. మా వాడుకలో డీఈ. నా రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. చేరిన మూడో రోజు బల్ల మీదికి వచ్చిన ఫైలు అట్ట చూసి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. ‘నల్లగుండ్లపల్లి ఆనకట్ట – చేపల దారి నిర్మాణం’ అని ఉంది.

అనంతపురం సీమలో ముప్పై ఏళ్ళకు పైగా నీళ్ళకు దారి వెతకడంతోనే నా సర్వీసు గడిచిపోయింది. చేపలకు దారి కావాలని అడిగినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. ఫైలు చదివాక విషయం అర్థమైంది. చిత్రావతి ఎప్పుడో ఒకసారి పారుతుంది. పారిన ఆ రెండు మూడు వారాల్లోనే కింది మడుగుల్లోని చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ పైకి వస్తాయి. నల్లగుండ్లపల్లి దగ్గర మా ఆనకట్ట నిలువు గోడలా అడ్డం నిలబడుతుంది. చేప ఎగిరి ఎగిరి అలిసిపోయి కింది మడుగులోనే ఉండిపోతుంది. నీళ్ళు ఇంకినాక అక్కడే చస్తుంది. ఆనకట్ట పక్కన మెట్లు మెట్లుగా చిన్న తొట్లు కట్టి, ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి నీళ్ళు దూకేలా చేస్తే, చేప ఒక్కో మెట్టు దగ్గర అలుపు తీర్చుకుంటూ పైకి పోతుంది. దాన్నే చేపల దారి అంటారు.

దీనికి సాయం చేస్తామన్న బయటి సంస్థ ఒక షరతు పెట్టింది. గడ్డపార దించకముందే పురావస్తువుల సంగతి తెలిసినవాళ్ళు ఆ చోటంతా నడిచి చూసి, పాతకాలపు ఆనవాళ్ళు ఏవైనా ఉన్నాయో లేవో రాసివ్వాలి. ఆ రిపోర్టు లేకుండా పని మొదలుపెట్టకూడదు. నాకు నవ్వొచ్చింది. మా సీమలో ఎటు చూసినా రాళ్ళే. రాళ్ళను చూడడానికి మనిషిని పెట్టుకోవడమేమిటని మా సూపరింటెండెంటుతో అన్నాను కూడా.

నవ్వు రెండో రోజుకే ఆగిపోయింది. మా శాఖలో ఏ పనికైనా రేట్ల పుస్తకంలో ఒక ఐటమ్ ఉండాలి. మట్టి తవ్వకానికి ఉంది, రాయి పగలగొట్టడానికి ఉంది, కంపచెట్లు కొట్టడానికీ ఉంది. పురావస్తు పరిశీలకుడికి లేదు. రేటు లేని పనికి మూడు సీల్డు కొటేషన్లు పిలవాలి. పిలిచాం. మొదటిది బోరు పాయింట్లు చూసే ఆయనది. టెంకాయ అరచేతిలో పెట్టుకుని నడిస్తే భూమిలో ఏమున్నా తెలిసిపోతుందని రాశాడు. రెండోది గ్రానైట్ క్వారీలకు హద్దులు కొలిచే ఆయనది. ఎన్ని క్యూబిక్ మీటర్ల రాయి తీయాలో చెప్పమని ఆయనే మమ్మల్ని అడిగాడు. మూడోది తాడిపత్రిలో ఒక డిగ్రీ కాలేజీ చరిత్ర అధ్యాపకురాలు షమీమ్ గారిది. శాసనాల మీద పరిశోధన చేసినావిడ. ఎంపిక మాకు కష్టం కాలేదు. కానీ బోరు పాయింట్ల ఆయనను ఎందుకు కాదన్నామో ఒక పేజీ రాయాల్సి వచ్చింది.

అసలు తిప్పలు ఎం-బుక్ దగ్గర వచ్చాయి. జరిగిన పనిని పొడవు, వెడల్పు, లోతు వేసి ఎక్కించే కొలతల పుస్తకం అది. అందులో ఎక్కని పని జరగనట్టే లెక్క. మా అకౌంట్స్ ఆఫీసరు ఆ మేడమ్ ఎంత లోతు తవ్వుతారని అడిగాడు. ఆవిడ తవ్వనన్నారు. తవ్వడం వేరే అనుమతులతో కూడిన పని, తాను నడిచి చూసి రాస్తానంతే అన్నారు. అయితే లోతు గడిలో ఏం వేయాలని ఆయన పట్టుబట్టాడు. చివరికి ‘నడక’ అని రాసి, పొడవూ వెడల్పూ వేసి, లోతు దగ్గర అడ్డగీత గీశాను. నా సర్వీసులో లోతు లేని తవ్వకం అదొక్కటే.

ఏప్రిల్ మొదటి వారంలో నడక మొదలైంది. ఎండకు జడిసి పొద్దున ఆరింటికే దిగేవాళ్ళం. షమీమ్ గారికి యాభై దాటి ఉంటాయి. తల మీద పెద్ద టోపీ, చేతిలో ముళ్ళకంప గుచ్చుకోకుండా తోసుకునే కర్ర. పది అడుగులకొక వరుస చొప్పున ఏటి గట్టును చేను దున్నినట్టు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నడిచేవారు. నాకైతే మూడో వరుసకే మోకాళ్ళు మొరాయించాయి. మా లస్కర్ ఓబులేసు మాత్రం ఆవిడ వెనకే ఉండేవాడు. లస్కర్ అంటే తూములు ఎత్తి దించుతూ ఆనకట్టను కనిపెట్టుకుని ఉండే మనిషి. వాళ్ళ నాయన తర్వాత ఆ ఉద్యోగం ఇతనికి వచ్చింది.

ఊళ్ళో గుసగుసలు బయలుదేరాయి. గుప్తనిధుల కోసం గుళ్ళు తవ్విపోసేవాళ్ళ బెడద మా వైపు ఎక్కువ. జీపులో వచ్చి రాళ్ళను వంగి వంగి చూసే ఆడమనిషిని జనం ఊరికే వదలరు కదా. రెండో రోజు ఓ ఇరవై మంది గట్టు మీద కూర్చున్నారు. మేం ఏమైనా జేబులో వేసుకుంటామేమోనని చూస్తున్నారని ఓబులేసు చెప్పాడు. షమీమ్ గారు వాళ్ళనే పిలిచి కొలత టేపు రెండో కొస పట్టుకోమన్నారు. సాయంకాలానికి ఆవిడకు సజ్జరొట్టె పెట్టేంత చనువు వచ్చింది.

అందరికంటే ముందు వచ్చి అందరికంటే వెనక పోయేది బెస్త గంగులప్ప. డెబ్బై ఏళ్ళ మనిషి, ఊరి చేపల సంఘానికి పెద్ద. ఆనకట్ట కాలువ కింద ఉన్న చెరువులో చేపలు పట్టుకునే హక్కు వాళ్ళ సంఘానిది. ఆనకట్ట ఎక్కిన చేప ఆ కాలువ పట్టుకుని చెరువుకు చేరుతుంది. రెండేళ్ళుగా బయటి నుంచి తెచ్చి వదిలిన పిల్లలు బతకలేదు. మూడో ఏడు కూడా చెరువులో చేప లేకపోతే చెరువు పాట బయటివాళ్ళకు పోతుంది. సంఘంలోని కుర్రకారు అప్పటికే బెంగుళూరు బస్సు టైములు అడుగుతున్నారు. చేపల దారి కావాలని నాలుగేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది ఈయనే. సెప్టెంబరులో ఏరు వచ్చేలోపు పని అయితే సరి. కాకపోతే దారి ఉన్నా చేపలను చేర్చుకునేందుకు ఆయన చేతిలో చెరువు ఉండదు.

నన్ను పక్కకు పిలిచి, ఆ మేడమ్‌కు ఏమైనా దొరికితే పని నిలబడుతుందా అని అడిగాడు. నిలబడొచ్చని చెప్పాను. దొరకకుండా చూడమని ఆయన అడగలేదు. నేనే ఆ మాట కాస్త తిప్పి షమీమ్ గారి దగ్గర వేశాను. ఆవిడ టోపీ సర్దుకుని, దొరికితే దొరికిందనీ, దొరక్కపోతే దొరకలేదనీ రాస్తానన్నారు. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు నేను.

మొదటి మూడు రోజుల్లో దొరికినవి పనికి అడ్డం కానివే. ఏటి మధ్య నల్లబండ మీద నున్నగా అరిగిన గాడులు చూపించి, వేల ఏళ్ళ కిందట రాతి గొడ్డళ్ళు అక్కడ నూరేవాళ్ళని చెప్పారు. కొడవళ్ళు నూరిన గాడులనుకుని మేమందరం వాటి మీద కూర్చుని టిఫిన్లు తిన్నవాళ్ళమే. నాలుగో రోజు ఎడమ గట్టుకు వచ్చాం. చేపల దారి నోరు సరిగ్గా వచ్చేచోట నడుమెత్తు గుండు ఒకటి భూమిలో పాతుకుని ఉంది. పసుపు మందంగా మెత్తి ఉంది. మధ్యలో కుంకుమ. పైన ఎండిన పూలు.

అది బాణం గుండు అన్నాడు ఓబులేసు. ఏటా కాలువకు నీళ్ళు వదిలే ముందు వాళ్ళ నాయన దానికి పసుపు పూసి టెంకాయ కొట్టేవాడట. ఆయన తర్వాత తాను కొడుతున్నాడు. పసుపు కింద వేలు పెట్టి తడిమితే బాణం తగులుతుందని, ఎవరో వీరుడు పాత రోజుల్లో వేసిన బాణమని వినయంగా చెప్పాడు. షమీమ్ గారు వేలితో తడిమి, పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టారు. పూజలందుకునే రాయి, మీద బాణం గుర్తు, బహుశా వీరుడి జ్ఞాపకంగా నిలిపిన వీరగల్లు, కదిలించకూడదు.

గంగులప్ప నా మొహం చూశాడు. నేను ఆ గుండును చూస్తున్నాను. ఆ బాణం వేసిన వీరుణ్ణి నేనే.

సర్వీసులో చేరిన కొత్తలో, అసిస్టెంట్ ఇంజనీరుగా, వరదకు తెగిన ఈ ఆనకట్ట మరమ్మతుకు నన్ను పంపారు. ఏ కట్టడానికైనా ముందు బెంచ్ మార్క్ పెట్టుకోవాలి. ఎత్తు తెలిసిన ఒక గుర్తు అన్నమాట. మిగతా ఎత్తులన్నీ దాన్ని పట్టుకునే లెక్కిస్తాం. కదలని రాయి చూసుకుని, నిలువు ముఖం మీద అడ్డంగా ఒక గీత, దాన్ని కింది నుంచి పొడుస్తున్నట్టు ఒక బాణం చెక్కిస్తాం. గట్టు మీద కదలని రాయి ఈ గుండే. వరద బురద మెత్తుకుని ఉంటే అరచెయ్యంత మేర గోకి, రాతిపనివాడితో అర అంగుళం లోతు చెక్కించాను. నెల రోజులు పొద్దుననే వచ్చి ఆ బాణం దగ్గర అంకెల స్టాఫ్ కర్ర నిలబెట్టించి, లెవెల్ దుర్భిణిలో ఒంటికన్ను మూసుకుని చూసి పోయేవాళ్ళం. ఆఫీసర్లు వచ్చి మొక్కినంత పనిగా చూసిపోయే రాయిని ఓబులేసు నాయన మామూలు రాయి అనుకోలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు.

సరే, చెప్పేశాను. నిజం చెప్పాలంటే సంతోషంగానే చెప్పాను. బాణం నాదైతే అది వీరగల్లు కాదు, క్రేనుతో తీసి పక్కన పెట్టొచ్చు, పని ఆగదు. షమీమ్ గారు చాలాసేపు నవ్వారు. గంగులప్ప కూడా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఓబులేసు ఒక్కడే నవ్వలేదు. ఇన్నేళ్ళు టెంకాయలు కొట్టింది డీఈ సారుకేనా అన్నట్టు నన్ను చూశాడు. అతని మొహం చూశాక నాకు సిగ్గేసింది.

అయితే పుస్తకంలోని ఆ రాతను కొట్టివేయాలి కాబట్టి బాణం ఒకసారి కళ్ళతో చూస్తానన్నారు షమీమ్ గారు. ఓబులేసు అయిష్టంగానే రెండు బిందెల నీళ్ళు తెచ్చి కొబ్బరిపీచుతో రుద్దాడు. ముప్పై ఏళ్ళ పసుపు పొరలు పొరలుగా దిగింది. దాని కింద వరద బురద, రాయి రంగులోకి గట్టిపడింది. అదీ దిగింది. నా బాణం కనబడింది. దానికి రెండు పక్కలా, పైనా కిందా, వరసలు వరసలుగా అక్షరాలు కనబడ్డాయి.

ముందుగా గంగులప్పే అన్నాడు: “మా నాయన చెప్తాండె సారూ, ఈ రాయి మీద అచ్చరాలుండాయని. మీరు బాణం కొట్టించినాక అందురూ బాణమే సూసినారు.”

షమీమ్ గారు రెండు రోజులు ఆ గుండు ముందు గొంతుక్కూర్చున్నారు. తడిపిన కాగితం రాయికి అతికించి, బ్రష్షుతో కొట్టి కొట్టి అక్షరాల గుంటల్లోకి దించి, ఆరాక సిరా గుడ్డతో అద్దుతారు. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా లేచి వస్తాయి. మూడో రోజు పొద్దున ఆ కాగితం గట్టు మీద పరిచి, నాలుగు కొసల్లో రాళ్ళు పెట్టి, మాకు చదివి చెప్పారు. పాత తెలుగు. లిపిని బట్టి కొన్ని వందల ఏళ్ళ నాటిది. ఏటికి అడ్డంగా కట్ట వేసిన మనిషికి, ఆ కట్టను ఏటేటా బాగుచేసుకుంటూ ఉండేందుకు, దాని కింది మాగాణిలో భూమి ఇచ్చినట్టు రాశారు. ఇలాంటి మాన్యాన్ని దశబంధం అనేవాళ్ళు. అంటే ఆ మనిషి మా వృత్తివాడే. ఈ ఏటి మీద నాకంటే ముందు పనిచేసిన ఇంజనీరు.

ఆయన పేరేమిటని ఆత్రంగా అడిగాను.

షమీమ్ గారు కాగితం మీద వేలు పెట్టారు. అక్కడ అక్షరాలు లేవు. బాణం ఉంది. బాణం పక్కన ఉలి దెబ్బకు ఎగిరిపోయిన పెచ్చు మేర తెల్లటి మచ్చ ఉంది. ముందు ‘కట్ట కట్టిన’ అని ఉంది, తర్వాత ‘కు ఇచ్చిన’ అని ఉంది. మధ్యలో ఉండాల్సిన పేరు పోయింది. వెనక వైపు ఎక్కడైనా మళ్ళీ వస్తుందేమోనని వెతికానని, రాలేదని ఆవిడ మెల్లగా చెప్పారు. పేరు ఒకేసారి రాశారు.

అప్పటి నా పెద్దరికం గుర్తొచ్చింది. గోకినచోట కనబడిన గాట్లను రాతి గరుకనుకున్నాను. రాతిపనివాడు పావు అంగుళం చాలంటే, వానకు అరిగిపోకుండా అర అంగుళం వేయమని కసిరింది నేనే. పని ఇంత గట్టిగా చేయించానని ఆ వారం మా పై ఆఫీసరుతో చెప్పుకున్నాను కూడా. చాలా బాధగా అనిపించింది. దాన్ని దాచుకోను.

ఇప్పుడు గుండును కదిలించే మాటే లేదు. శాసనం ఉన్నచోటే ఉండాలి. దారిని పక్కకు తిప్పాలి. దారి తిప్పితే కొత్త డ్రాయింగు, దానికి డీవియేషన్ స్టేట్‌మెంటు, అంటే అనుకున్న పనికి మార్పులు ఎందుకు వచ్చాయో గళ్ళు గీసి రాసే కాగితం, దాని మీద అనంతపురంలో సూపరింటెండింగ్ ఇంజనీరు (ఎస్ఈ) సంతకం. మామూలుగా నాలుగు నెలలు. ఆ తర్వాత పని ముగిసేసరికి ఏరు వచ్చి పోతుంది. గంగులప్పకు ఇదంతా విప్పి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనే నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

“కట్ట ఏసినోడి రాయి గదా సార్ అది. దాన్ని పెరికేసి నా చేపలకు దారి ఏసేది బాగుండదు. పక్కకు తిప్పు. అయితే బిరీన తిప్పు.”

ఆ రాత్రీ మరుసటి పగలూ కూర్చుని దారిని గుండు చుట్టూ వంపు తిప్పి గీశాను. రెండు తొట్లు పెరిగాయి. వాలు కాస్త తగ్గింది. చేపకు అది ఇంకా సుఖమే. డీవియేషన్ స్టేట్‌మెంటులో ‘కారణం’ అనే గడి దగ్గర పెన్ను ఆగింది. షమీమ్ గారి రిపోర్టులో కూడా అలాంటి గడి ఒకటి ఉంది. శాసనానికి జరిగిన నష్టం, చేసినవారు. గుర్తు తెలియని వ్యక్తులు అని రాస్తానని, అదే ఆనవాయితీ అని, ఇంకో ఏడాదికి రిటైరయ్యే మనిషికి తలనొప్పి ఎందుకని ఆవిడే ఫోన్ చేశారు. మంచి మనసుతో అన్న మాట. కాదనడానికి నాకు కొంచెం టైము పట్టింది.

“నా పేరు రాయండి మేడమ్,” అన్నాను. “ఆ రాయి దగ్గర ఇప్పటికే ఒక పేరు పోయింది.”

రెండు కాగితాల్లోనూ ఒకే మాట వచ్చింది. ఫలానా సంవత్సరంలో, ఫలానా హోదాలో, నేను బెంచ్ మార్క్ చెక్కించినప్పుడు శాసనం దెబ్బతిన్నది. టపాలో పంపితే ఎక్కడో పడి ఉంటుందని ఫైలు చంకన పెట్టుకుని నేనే అనంతపురం పోయాను. ఎస్ఈ గారు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. చదివి, రాయి అడ్డం వచ్చిందని రాస్తే సరిపోయేదానికి మీ మెడకు మీరే చుట్టుకున్నారేమిటి సార్ అన్నారు. రాయి నాకు అడ్డం రాలేదు, నేనే రాయికి అడ్డం పోయానన్నాను. ఆయన పెన్ను తీసి సంతకం పెట్టారు. పది రోజుల తర్వాత నా సంజాయిషీ కోరుతూ మెమో కూడా ఆయనే పంపారు. రెండూ ఆయన డ్యూటీయే. సంజాయిషీలో ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇకముందు జాగ్రత్తగా ఉండవలసిందని హెచ్చరించి ఫైలు మూశారు. ఇకముందు అంటే నా విషయంలో పదమూడు నెలలు.

మే మూడో వారంలో పని మొదలై ఆగస్టు ఆఖరుకు ముగిసింది. బాణం గుండు చుట్టూ తొట్లు వంపు తిరిగి, దూరం నుంచి చూస్తే ఎవరో గుండుకు ప్రదక్షిణం చేస్తున్నట్టే ఉంటుంది. కొత్త బెంచ్ మార్క్ మా కాంక్రీటు మీదే పెట్టాం. దాన్ని ఎవరూ ఏమీ అనరు.

సెప్టెంబరు గడిచింది. ఏరు రాలేదు. గంగులప్ప రోజూ ఫోన్ చేసి, మేఘం యాడుందో చెప్పమనేవాడు, మేఘాలు కూడా మా సబ్ డివిజన్ కిందికే వస్తాయన్నట్టు. అక్టోబరు రెండో వారంలో ఒక పొద్దున మాటలు కాకుండా ఫోన్లో నీళ్ళ మోతే వినిపించింది. నేను పోయేసరికి ఆయన మూడో తొట్టి అంచున గొంతుక్కూర్చుని ఉన్నాడు. తువ్వాలు మెడలో తడిసి ముద్దయింది. నాకు కనబడింది ఎర్రనీళ్ళే. ఆయన నా చెయ్యి పట్టి కిందికి వంచి, ఒక్కచోటే చూస్తూ ఉండమన్నాడు. కాసేపటికి వేలెడంత పక్కె చేప ఒకటి వెండిలా మెరిసి పై తొట్టిలోకి దూకింది. దాని వెనక ఇంకోటి. తర్వాత జెల్లలు.

“ఎక్కుతాండాయి సారూ,” అన్నాడు. అంతే అన్నాడు. చెరువు పాట ఆ ఏడు సంఘానికే నిలిచింది.

తిరిగి వస్తూ గుండు దగ్గర ఆగాను. నీళ్ళు వదిలే రోజు కాబట్టి ఓబులేసు టెంకాయ కొట్టి ఉన్నాడు. శాసనం మీద పసుపు పూయకూడదని షమీమ్ గారు చెప్పి పోయారు. అతను పూయలేదు. గుండు ముందు నేల మీద పూలు పెట్టాడు. నా బాణానికి ఎదురుగా కాదు, కొంచెం పక్కన, పెచ్చు ఎగిరిపోయి పేరు లేకుండా మిగిలిన ఆ మచ్చకు ఎదురుగా.

రిటైరయ్యాక కొత్త ఇంజనీర్లకు ఏదైనా చెప్పమని పిలిస్తే ఈ సంగతే చెబుతున్నాను. బెంచ్ మార్క్ చెక్కే ముందు రాయిని కడగాలి. రేట్ల పుస్తకంలో దానికి ఐటమ్ లేదు, ఎం-బుక్‌లో ఎక్కదు, రెండు బిందెల నీళ్ళు చాలు. మా సీమలో నీళ్ళు యాడ తెచ్చేదని ఎవరైనా అడుగుతారేమో. నేను ఉలి పెట్టించిన ఆ రోజు చిత్రావతి నా పక్కనే మోకాలి లోతున పారుతోంది.